తెలుగు అభ్యాసకులకు ఆంగ్ల వ్యాకరణంలో తరచుగా వచ్చే సందేహాలు

పాఠ్యాంశ క్రమం

4.0 లక్ష్యాలు
4.1 ప్రవేశిక
4.2 తప్పు ఎక్కడ పుడుతుంది?
4.3 ఆర్టికల్స్: ఏ, యాన్, ద
4.4 ‘ఇంగ్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?
4.5 గడిచిన కాలం, ‘నుంచి’
4.6 ప్రశ్నలు, వ్యతిరేకార్థక వాక్యాలు, జవాబులు
4.7 విభక్తులు, ప్రిపొజిషన్లు
4.8 వచనం, ‘మా’, కర్త లేని వాక్యాలు
4.9 తప్పా, మన వాడుకా?
4.10 సారాంశం
4.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
4.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

4.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తెలుగు మాతృభాషగా గల అభ్యాసకులు ఆంగ్లంలో చేసే సామాన్యమైన తప్పులను గుర్తించగలుగుతారు.
• ఆ తప్పులకు తెలుగు వాక్య నిర్మాణంతో ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• దరఖాస్తులోను, ఇంటర్వ్యూలోను అర్థాన్ని మార్చివేసే తప్పులను ముందుగా సవరించుకోగలుగుతారు.
• వ్యాకరణ దోషానికి, భారతీయ ఆంగ్లపు వాడుకకు మధ్య తేడా చెప్పగలుగుతారు.

4.1 ప్రవేశిక

నంద్యాలలో దుకాణంలో పనిచేస్తూనో, ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే పనికి వెళ్తూనో, ఇంటి పనులూ పొలం పనులూ చూసుకుంటూనో మీరు డిగ్రీ చదువుతూ ఉండవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివిన మీకు చరిత్ర, అర్థశాస్త్రం అంతగా భయం కలిగించవు. ఆంగ్లం పేపరు మాత్రం కొంచెం బెదిరిస్తుంది. అంతకంటే ఎక్కువగా బెదిరించేది ఉద్యోగ దరఖాస్తులో రాయవలసిన నాలుగు వాక్యాలు, ఇంటర్వ్యూలో చెప్పవలసిన రెండు జవాబులు.

ఈ పాఠంలో ఆంగ్ల వ్యాకరణమంతా చెప్పబోవడం లేదు. తెలుగువారికి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను మాత్రమే ఎన్నుకొని, ప్రతి సందేహానికీ తెలుగు వైపు నుంచి దారి చూపుతున్నాం. మీకు తెలుగు వ్యాకరణం బాగా వచ్చు. రోజూ తప్పు లేకుండా మాట్లాడుతున్నారంటే ఆ నియమాలన్నీ మీలో ఉన్నట్లే. వాటినే ఇక్కడ పనిముట్లుగా వాడుకుందాం.

ఇలా ఒక భాష నుంచి ఇంకో భాషలోకి దారి వేసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకొని, 1840లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణాన్ని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించాడు. ఆయన ఆంగ్లం వైపు నుంచి తెలుగును చూశాడు. మనం తెలుగు వైపు నుంచి ఆంగ్లాన్ని చూద్దాం.

సూచన: ఈ పాఠంలో ఆంగ్ల వాక్యాలను తెలుగు లిపిలో ఇచ్చాం. చదివేటప్పుడు వాటిని పైకి పలకండి. తరువాత మీ నోటు పుస్తకంలో ఆంగ్ల లిపిలో రాసుకోండి. చెవితో పట్టుకున్నది చేతితో రాస్తే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

4.2 తప్పు ఎక్కడ పుడుతుంది?

రెండో భాష నేర్చుకునేవారు మొదటి భాష అలవాట్లను వెంట తెచ్చుకుంటారు. 1957లో రాబర్ట్ లాడో అనే భాషావేత్త, రెండు భాషల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే అభ్యాసకులకు ఏది కష్టమో ఊహించవచ్చని ప్రతిపాదించాడు. 1967లో పిట్ కార్డర్ మరో మాట చేర్చాడు. అభ్యాసకుని తప్పు అజ్ఞానానికి గుర్తు మాత్రమే కాదు. అతను ఏ నియమాన్ని మనసులో కట్టుకున్నాడో అది చెబుతుంది. 1972లో లారీ సెలింకర్, మాతృభాషకూ నేర్చుకునే భాషకూ నడుమ అభ్యాసకుడు కట్టుకునే ఈ తాత్కాలిక వ్యవస్థకు ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు. దీనిని మనం అంతర భాష అనవచ్చు.

దీనివల్ల మనకు తెలిసేది ఏమిటి? ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న వ్యక్తికి తెలివి తక్కువ కాదు. అతను ఒక నియమాన్ని పాటిస్తున్నాడు. ఆ నియమం ఆంగ్లానిది కాదు, అంతే. ఆ నియమం ఎక్కడిదో తెలిస్తే దాన్ని మార్చుకోవడం సులభం. తెలుగు వల్ల పుట్టని తప్పులు కూడా కొన్ని ఉంటాయి. ఆంగ్లంలోని అక్రమ రూపాలను అన్ని దేశాల అభ్యాసకులూ తప్పుగానే మొదలుపెడతారు.

4.3 ఆర్టికల్స్: ఏ, యాన్, ద

తెలుగులో ఆర్టికల్స్ లేవు. అందుకే మనవాళ్లు ఉండవలసిన చోట వదిలేస్తారు, అక్కరలేని చోట పెడతారు. రెండు సందేహాలను విడివిడిగా చూద్దాం.

(అ) ‘ఏ’ రాయాలా, ‘యాన్’ రాయాలా?

‘ఆంగ్ల అచ్చు అక్షరాల ముందు యాన్ వస్తుంది’ అని బడిలో నేర్చుకొని ఉంటారు. ఆ సూత్రం సగమే నిజం. చూడవలసింది అక్షరాన్ని కాదు, ధ్వనిని. ఇక్కడ తెలుగు లిపి మీకు గొప్ప సహాయం చేస్తుంది. ఎందుకంటే మనం పలికినట్లే రాస్తాం. ఆ పదాన్ని తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఏ’.

‘యూనివర్సిటీ’ తెలుగులో ‘య’తో మొదలైంది కాబట్టి ‘ఏ యూనివర్సిటీ’. ‘అవర్’ అంటే గంట, ‘అ’తో మొదలైంది కాబట్టి ‘యాన్ అవర్’. అలాగే ‘యాన్ ఆనెస్ట్ మ్యాన్’, ‘ఏ వన్-రూపీ కాయిన్’. పొడి అక్షరాలకూ ఇదే సూత్రం: ‘ఏ బి.ఏ. డిగ్రీ’, ‘యాన్ ఎం.ఏ. డిగ్రీ’, ‘ఏ వి.ఆర్.ఓ.’, ‘యాన్ ఎస్.ఐ.’.

ఒక జాగ్రత్త అవసరం. మన ఉచ్చారణలో పదాది ‘ఎ’కు ముందు ‘య’, ‘ఒ’కు ముందు ‘వ’ వచ్చి చేరుతుంటాయి. ఎనిమిదిని ‘యెనిమిది’ అని, ఒకటిని ‘వొకటి’ అని పలుకుతాం. ఆ అలవాటుతోనే ‘ఎగ్’ను ‘యెగ్’ అని, ‘ఎం.ఎల్.ఏ.’ను ‘యం.ఎల్.ఏ.’ అని రాసేవారున్నారు. ఆంగ్లంలో ఆ ‘య’ లేదు. ‘యాన్ ఎగ్’, ‘యాన్ ఎం.ఎల్.ఏ.’ అన్నవే సరైనవి.

(ఆ) ‘ద’ ఎప్పుడు?

వినేవారికి ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో తెలిసి ఉంటే ‘ద’. తెలియకపోతే ‘ఏ’ లేదా ‘యాన్’. తెలుగులో ఆర్టికల్ లేకపోయినా ఈ తేడా లేకపోలేదు. మనం దాన్ని పదాల వరుసతో చూపిస్తాం.

‘బల్ల మీద దరఖాస్తు ఉంది.’ ఇక్కడ దరఖాస్తు సంగతి వినేవారికి కొత్త. ఆంగ్లంలో: ‘దేర్ ఈజ్ యాన్ అప్లికేషన్ ఆన్ ద టేబుల్.’
‘దరఖాస్తు బల్ల మీద ఉంది.’ ఇక్కడ ఏ దరఖాస్తో ఇద్దరికీ తెలుసు. ఆంగ్లంలో: ‘ది అప్లికేషన్ ఈజ్ ఆన్ ద టేబుల్.’

మీకు సందేహం వచ్చినప్పుడు తెలుగు వాక్యంలో ఆ మాట ముందు ‘ఆ’ పెట్టి చూడండి. ‘ఆ దరఖాస్తు’ అంటే అతుకుతుందా? అయితే ‘ద’. ‘ఏదో ఒక దరఖాస్తు’ అంటే అతుకుతుందా? అయితే ‘ఏ’ లేదా ‘యాన్’.

ఊళ్ల పేర్లకు ముందు సాధారణంగా ఆర్టికల్ రాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మహానంది, అహోబిలం అన్నీ ఒంటరిగానే ఉంటాయి. నదుల పేర్లకు, పర్వత శ్రేణులకు ‘ద’ వస్తుంది. ‘నంద్యాల్ ఈజ్ ఆన్ ద కుందూ’, ‘అహోబిలం ఈజ్ ఇన్ ద నల్లమల హిల్స్’ అనాలి.

4.4 ‘ఇంగ్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

తెలుగువారి ఆంగ్లంలో ‘ఇంగ్’ ఎక్కువగా వినిపిస్తుంది. ‘ఐ యామ్ హ్యావింగ్’, ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’ అనేవి దరఖాస్తుల్లో కూడా కనిపిస్తాయి. పుస్తకాలు ‘స్థితిని తెలిపే క్రియలకు ఇంగ్ చేర్చరాదు’ అని చెబుతాయి. అయితే ఏది స్థితి, ఏది పని అన్నది ఎలా తెలుసుకోవాలి?

తెలుగు వాక్యాలను చూడండి: ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’, ‘నాకు ఆ విషయం తెలుసు’, ‘నాకు సెలవు కావాలి’, ‘నాకు లెక్కలు ఇష్టం’. ఈ నాలుగింటిలో రెండు పోలికలు ఉన్నాయి. కర్త స్థానంలో ‘నేను’ కాక ‘నాకు’ వచ్చింది. ఏ వాక్యంలోనూ ‘-తున్నాను’ లేదు. అంటే వీటిని పనులుగా కాక స్థితులుగా తెలుగు కూడా గుర్తిస్తోంది. ఆంగ్లంలోనూ అంతే:

‘ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్.’ ‘ఐ నో దట్.’ ‘ఐ వాంట్ లీవ్.’ ‘ఐ లైక్ మ్యాథమెటిక్స్.’

కాబట్టి తెలుగులో ‘నాకు’తో మొదలయ్యే వాక్యం వస్తే, ‘ఇంగ్’ రాసే ముందు ఒకసారి ఆగండి. ఇది గుర్తు పెట్టుకోవడానికి ఒక ఉపాయం మాత్రమే, మినహాయింపు లేని సూత్రం కాదు. ‘నేను నమ్ముతున్నాను’ అన్నది ‘నేను’తో మొదలైనా ఆంగ్లంలో ‘ఐ బిలీవ్’ అనే అంటాం. అలాగే ‘హ్యావ్’కు తినడం అనే అర్థం ఉన్నప్పుడు అది పని అవుతుంది. అప్పుడు ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ అన్నది సరైన వాక్యమే.

ఇక వృత్తుల సంగతి. ‘మా నాన్న వ్యవసాయం చేస్తున్నారు’ అని తెలుగులో సహజంగా అంటాం. దాన్ని ‘మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్’ అని మార్చితే, ఈ క్షణంలో పొలంలో ఉన్నాడన్న అర్థమో, తాత్కాలికంగా చేస్తున్నాడన్న అర్థమో వస్తుంది. ఎప్పుడూ చేసే పనికి ‘ఇంగ్’ వద్దు. ‘మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్’ అనండి. ‘స్కల్ప్టర్స్ ఇన్ ఆళ్లగడ్డ కార్వ్ స్టోన్ ఐడల్స్’ అంటే అది వారి వృత్తి. ‘దే ఆర్ కార్వింగ్ యాన్ ఐడల్’ అంటే ఇప్పుడు ఉలి ఆడుతోందని అర్థం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

గమనిక: సమాధానాలను నోటు పుస్తకంలో రాసి, పాఠం చివర ఇచ్చిన వాటితో పోల్చుకోండి.
1. ఖాళీల్లో ‘ఏ’ లేదా ‘యాన్’ చేర్చండి: —— యూనిఫామ్, —— ఎల్.ఐ.సి. ఏజెంట్, —— యు.పి. స్కూల్, —— ఆనర్.
2. సవరించండి: ‘ఐ యామ్ హ్యావింగ్ ఏ ల్యాండ్ ఇన్ ద ఆళ్లగడ్డ.’

4.5 గడిచిన కాలం, ‘నుంచి’

‘వచ్చాను’ అన్న ఒక్క రూపంతో తెలుగులో రెండు పనులు జరుగుతాయి. ‘నిన్న వచ్చాను’ అనవచ్చు, ‘ఇప్పుడే వచ్చాను’ అనవచ్చు. ఆంగ్లం వీటిని వేరు చేస్తుంది: ‘ఐ కేమ్ యెస్టర్‌డే’, ‘ఐ హ్యావ్ జస్ట్ కమ్’.

ఎలా ఎంచుకోవాలి? వాక్యంలో గడిచిపోయిన సమయం పేరు ఉందేమో చూడండి. నిన్న, పోయిన వారం, 2019లో, చిన్నప్పుడు వంటి మాట ఉంటే ‘హ్యావ్’, ‘హ్యాజ్’ వద్దు. దరఖాస్తుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్ ఇన్ 2019’ అన్నది. సంవత్సరం చెప్పిన తరువాత ‘ఐ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్ ఇన్ 2019’ అనే రాయాలి. సంవత్సరం చెప్పకపోతే ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్’ సరైనదే.

మన ప్రాంతపు చరిత్రతోనే సాధన చేయండి. నీలం సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉంటూ 1991లో ఇక్కడి ఉపఎన్నికలో గెలిచారు. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మూడింటిలోనూ సంవత్సరం ఉంది కాబట్టి మూడూ ‘హ్యావ్’, ‘హ్యాజ్’ లేని వాక్యాలే: ‘పి.వి. నరసింహారావు వన్ ద బైఎలెక్షన్ ఇన్ 1991.’ ‘నంద్యాల్ బికేమ్ ఏ డిస్ట్రిక్ట్ ఇన్ 2022.’

ఇక ‘నుంచి’. ఈ ఒక్క మాటకు ఆంగ్లంలో మూడు మాటలు ఉన్నాయి: సిన్స్, ఫర్, ఫ్రమ్. ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అన్నదాన్ని చాలామంది ‘ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ టూ ఇయర్స్’ అని రాస్తారు. ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. సరైనది: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్.’ అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హ్యావ్ బీన్’ కావాలి.

సిన్స్, ఫర్ తేడాను తెలుగు ప్రశ్నతో పట్టుకోవచ్చు:
• ‘ఎప్పటి నుంచి?’ అన్న ప్రశ్నకు జవాబైతే ‘సిన్స్’. సిన్స్ 2022, సిన్స్ మండే, సిన్స్ మై చైల్డ్‌హుడ్.
• ‘ఎన్నాళ్ల నుంచి?’ అన్న ప్రశ్నకు జవాబైతే ‘ఫర్’. ఫర్ టూ ఇయర్స్, ఫర్ త్రీ డేస్.
• రెండు హద్దులూ చెప్పినప్పుడు, లేదా చోటు చెప్పినప్పుడు ‘ఫ్రమ్’. ఫ్రమ్ 2019 టు 2022, ఫ్రమ్ నంద్యాల్ టు ఆళ్లగడ్డ.

4.6 ప్రశ్నలు, వ్యతిరేకార్థక వాక్యాలు, జవాబులు

(అ) ప్రశ్నలో పదాల వరుస

తెలుగులో ప్రశ్న అడగడానికి వాక్యాన్ని తిప్పనక్కరలేదు. ‘నువ్వు ఊరికి వెళ్తున్నావు’, ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?’ ఈ రెండింటిలో వరుస ఒకటే. అందుకే ‘వేర్ యు ఆర్ గోయింగ్?’ అని నోట వస్తుంది. ఆంగ్లంలో సహాయక క్రియ కర్తకు ముందుకు రావాలి: ‘వేర్ ఆర్ యు గోయింగ్?’

ఈ నియమం నేర్చుకున్నాక చాలామంది మరో తప్పు చేస్తారు. ‘బ్యాంకు ఎక్కడుందో చెప్పండి’ అన్నదాన్ని ‘ప్లీజ్ టెల్ మీ వేర్ ఈజ్ ద బ్యాంక్’ అంటారు. ఇక్కడ ప్రశ్న మరో వాక్యం లోపల ఉంది. తెలుగులో ‘ఎక్కడుంది?’ కాస్తా ‘ఎక్కడుందో’ అయింది గమనించండి. తెలుగులో చివర ‘ఓ’ వచ్చిన చోట ఆంగ్లంలో వరుస తిరగదు: ‘ప్లీజ్ టెల్ మీ వేర్ ద బ్యాంక్ ఈజ్.’

(ఆ) ‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పు?

‘వెళ్లాను’కు వ్యతిరేకం ‘వెళ్లలేదు’. మనం ‘వెళ్లానులేదు’ అనం. ‘లేదు’ వచ్చాక అసలు క్రియకు కాలాన్ని తెలిపే ప్రత్యయం అక్కరలేదు, ‘వెళ్ల’ అన్న రూపం చాలు. ఆంగ్లంలో ‘డిడ్’ వచ్చినప్పుడు జరిగేదీ ఇటువంటిదే. కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది, క్రియ తేలికపడుతుంది. కాబట్టి ‘ఐ డిడ్ నాట్ గో’. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యు గో?’

(ఇ) అవునా, కాదా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఇంటర్వ్యూలో నష్టం తెచ్చేది ఇదే. ‘సర్టిఫికెట్లు తేలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవును, తేలేదు’ అనవచ్చు. మీరు ‘అవును’ అన్నది అడిగినవారి మాటను ఒప్పుకుంటూ. ఆంగ్లంలో ‘యెస్’, ‘నో’ అన్నవి అడిగినవారి మాటతో సంబంధం లేకుండా వాస్తవాన్ని చెబుతాయి.

‘హ్యావంట్ యు బ్రాట్ యువర్ సర్టిఫికెట్స్?’ అన్నప్పుడు మీరు ‘యెస్, సర్’ అంటే తెచ్చారని అర్థం. తేకపోతే ‘నో, సర్, ఐ హ్యావంట్’ అనాలి. తెచ్చి ఉంటే ‘యెస్, సర్, ఐ హ్యావ్’ అనాలి. ‘యెస్, ఐ హ్యావంట్’ అన్నది ఆంగ్లంలో కుదరదు.

అలాగే ‘డు యు మైండ్ వర్కింగ్ ఇన్ అనదర్ డిస్ట్రిక్ట్?’ అన్న ప్రశ్న జాగ్రత్తగా వినండి. ఇక్కడ ‘మైండ్’ అంటే అభ్యంతరం. వేరే జిల్లాలో పనిచేయడానికి మీకు అభ్యంతరమా అని అడుగుతున్నారు. ఉత్సాహంగా ‘యెస్, సర్’ అంటే అభ్యంతరం ఉందని చెప్పినట్లు. ఒప్పుకుంటున్నట్లయితే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. జవాబు తరువాత ఒక పూర్తి వాక్యం చేర్చడం మంచి అలవాటు: ‘నో, సర్. ఐ కెన్ వర్క్ ఎనీవేర్.’ అప్పుడు అపార్థానికి చోటు ఉండదు.

(ఈ) ‘కదా’

తెలుగులో అన్ని వాక్యాలకూ ఒకే ‘కదా’ సరిపోతుంది. దానికి సమానంగా ‘ఈజింట్ ఇట్’ అని అన్నిచోట్లా వాడతాం. ప్రామాణిక ఆంగ్లంలో ఇది ముందున్న వాక్యాన్ని బట్టి మారుతుంది: ‘యు ఆర్ ఫ్రమ్ నంద్యాల్, ఆరంట్ యు?’, ‘షి వర్క్స్ హియర్, డజంట్ షి?’ పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తుంది. సంభాషణలో మాత్రం కష్టమనిపిస్తే ‘రైట్?’ అని అడిగినా సరిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

3. సవరించండి: ‘ఐ యామ్ స్టడీయింగ్ డిగ్రీ ఫ్రమ్ టూ ఇయర్స్.’
4. సవరించండి: ‘ఐ డోంట్ నో వెన్ విల్ ద బస్ కమ్.’
5. మీరు ఫీజు కట్టలేదు. ‘డిడంట్ యు పే ద ఫీ?’ అన్న ప్రశ్నకు సరైన జవాబు రాయండి.

4.7 విభక్తులు, ప్రిపొజిషన్లు

తెలుగులో కి, కు, తో, లో, నుంచి వంటివి నామవాచకం తరువాత వస్తాయి. ఆంగ్లంలో ముందు వస్తాయి. వరుస మార్చుకోవడం పెద్ద కష్టం కాదు. ‘కి అంటే టు, తో అంటే విత్, మీద అంటే ఆన్’ అని లెక్క కట్టుకోవడంలోనే చిక్కు వస్తుంది.

కొన్ని ముఖ్యమైన చోట్లు చూడండి:
• ‘స్టేషన్‌కు చేరుకున్నాను.’ ‘రీచ్’ తరువాత ‘టు’ రాదు: ‘ఐ రీచ్డ్ ద స్టేషన్.’
• ‘ఇంటికి వచ్చాను.’ ‘హోమ్’ ముందు కూడా ‘టు’ రాదు: ‘ఐ కేమ్ హోమ్.’
• ‘దాని గురించి చర్చించాం.’ ‘డిస్కస్’లోనే ‘గురించి’ ఇమిడి ఉంది: ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లెమ్.’ ‘అబౌట్’ వద్దు.
• ‘ఆమె ఇంజనీరుతో పెళ్లి చేసుకుంది.’ ఇక్కడ ‘విత్’ రాదు: ‘షి మ్యారీడ్ యాన్ ఇంజనీర్.’
• ‘నా మీద కోపంగా ఉన్నాడు.’ ‘ఆన్’ కాదు: ‘హి ఈజ్ యాంగ్రీ విత్ మి.’
• ‘రెండేళ్ల కింద.’ ‘టూ ఇయర్స్ బ్యాక్’ కంటే ‘టూ ఇయర్స్ ఎగో’ రాతకు తగినది.

వీటిని సూత్రంగా కాక, క్రియతో కలిపి ఒకే మాటగా కంఠస్థం చేయడం మేలు. ‘లిజన్’ అని కాదు, ‘లిజన్ టు’ అని నేర్చుకోండి. ‘డిపెండ్’ అని కాదు, ‘డిపెండ్ ఆన్’ అని నేర్చుకోండి.

4.8 వచనం, ‘మా’, కర్త లేని వాక్యాలు

(అ) ‘కాలువకు నీళ్లు వచ్చాయి’ అంటాం. తెలుగులో నీళ్లు, పాలు బహువచనాలు. ఆంగ్లంలో ‘వాటర్’, ‘మిల్క్’ లెక్కకు రాని నామవాచకాలు, ఏకవచన క్రియనే తీసుకుంటాయి: ‘దేర్ ఈజ్ వాటర్ ఇన్ ద కె.సి. కెనాల్.’ ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్ కూడా ఇటువంటివే. వీటి చివర ‘స్’ చేర్చరాదు.

(ఆ) ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనేది తరచుగా వినే తప్పు. తెలుగులో ‘నా స్నేహితుల్లో ఒకరు’ అంటాం. అక్కడ ‘స్నేహితుల్లో’ బహువచనమే. దాన్నే ఆంగ్లంలోకి తీసుకువెళ్లండి: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్.’ క్రియ మాత్రం ‘ఒకరి’ని బట్టి ఏకవచనంలో ఉంటుంది: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ వర్క్స్ ఇన్ ఏ బ్యాంక్.’

(ఇ) మనం ‘నా అమ్మ’ అనం, ‘మా అమ్మ’ అంటాం. దాన్ని ‘అవర్ మదర్’ అంటే, వినేవారు పక్కన మీ తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా అని వెదుకుతారు. ఆంగ్లంలో ‘మై మదర్’, ‘మై విలేజ్’ అనడమే వాడుక. అలాగే ‘మా సార్ వచ్చారు’లోని బహువచనం గౌరవం కోసం వచ్చింది. ఆంగ్లంలో ‘దే’ అనకూడదు, ‘హి’ అన్నంత మాత్రాన అగౌరవం కాదు.

(ఈ) తెలుగులో కర్త పేరు చెప్పకుండా ‘తీశారు’, ‘కట్టారు’, ‘అన్నారు’ అంటాం. ఎవరు అన్నది ముఖ్యం కానప్పుడు ఇలా వాడతాం. ఆంగ్లంలో ఆ చోట కర్మణి వాక్యం వస్తుంది. ఆళ్లగడ్డ ప్రాంతంలోని ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆంగ్లంలో: ‘నరసింహా రెడ్డి వాజ్ హ్యాంగ్డ్ ఎట్ కోవెలకుంట్ల ఇన్ 1847.’ ఇక్కడ మరో విషయం గమనించండి. మనిషిని ఉరితీసినప్పుడు ‘హ్యాంగ్డ్’, గోడకు పటం వేలాడదీసినప్పుడు ‘హంగ్’. రెండూ ‘హ్యాంగ్’ అన్న క్రియ రూపాలే.

4.9 తప్పా, మన వాడుకా?

ఇంగ్లండువాళ్లు అనని ప్రతి మాటా తప్పు కాదు. ఆంగ్లం ఇండియాలో రెండు వందల ఏళ్లకు పైగా పాతుకుపోయిన భాష. దానికి ఇక్కడ సొంత మాటలు పుట్టాయి. తేదీని ముందుకు జరపడం అన్న అర్థంలో మనం వాడే ‘ప్రీపోన్’ నేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. పెదనాన్న కొడుకును ‘కజిన్ బ్రదర్’ అనడం, ఊళ్లో లేనని చెప్పడానికి ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అనడం కూడా భారతీయ వాడుకలే. మన దేశంలో ఉత్తరం రాసేటప్పుడు వీటికి సిగ్గుపడనక్కరలేదు.

అయితే వినేవారు బయటి దేశంవారైతే కొన్ని మాటలు వేరే అర్థం ఇస్తాయి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2020’ అంటే మనకు చదువు పూర్తయిందని అర్థం. వారికి స్పృహ తప్పిందని అర్థం. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2020’ అంటే అందరికీ ఒకటే అర్థం. తరగతిలో ‘ఐ హ్యావ్ ఏ డౌట్’ అంటే మనం సందేహం అడుగుతున్నాం. వారికి మీరు చెప్పింది నమ్మలేకపోతున్నాను అన్నట్లు వినిపించవచ్చు. ‘ఐ హ్యావ్ ఏ క్వశ్చన్’ అంటే ఇబ్బంది లేదు. ‘నంద్యాలలోనే చదివాను’లోని ‘ఏ’ను ‘ఓన్లీ’గా మార్చి ‘ఐ స్టడీడ్ ఇన్ నంద్యాల్ ఓన్లీ’ అంటే, మరెక్కడా చదవలేదన్న పరిమితి వారికి వినిపిస్తుంది. మనం ఉద్దేశించింది నొక్కి చెప్పడమే. అలాంటప్పుడు ‘ఓన్లీ’ తీసివేసి, ‘నంద్యాల్’ను గట్టిగా పలికితే చాలు.

చదువుకోవడానికి మీకు దొరికే సమయం తక్కువ. కాబట్టి తప్పులను మూడు వరుసలుగా పెట్టుకోండి. మొదటి వరుసలో అర్థాన్ని తలకిందులు చేసేవి: యెస్-నో జవాబులు, ‘మైండ్’, ‘పాస్ అవుట్’. వీటిని ఈ వారమే సరిచేసుకోండి. రెండో వరుసలో రాతలో మార్కులు పోగొట్టేవి: ‘యామ్ హ్యావింగ్’, ‘ఫ్రమ్ టూ ఇయర్స్’, ‘డిడ్ నాట్ వెంట్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’. వీటికి రోజుకు ఐదు వాక్యాల సాధన కావాలి. మూడో వరుసలో ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు. ఇవి చదివేకొద్దీ నెమ్మదిగా కుదురుకుంటాయి. వీటిలో ఒకటి రెండు తప్పినా మీ మాట అర్థమవుతుంది. తప్పు వస్తుందేమోనని నోరు మూసుకొని కూర్చోవడం కంటే, మూడో వరుస తప్పుతో మాట్లాడటం మేలు.

4.10 సారాంశం

తెలుగు అభ్యాసకుల ఆంగ్ల దోషాల్లో చాలావాటికి తెలుగు వాక్య నిర్మాణంలో మూలం ఉంది. చాలాచోట్ల సవరణకు దారి కూడా తెలుగులోనే ఉంది. పదాన్ని తెలుగు లిపిలో రాసి చూస్తే ‘ఏ’, ‘యాన్’ తేలిపోతాయి. ‘నాకు’తో మొదలయ్యే వాక్యం ‘ఇంగ్’ విషయంలో హెచ్చరిస్తుంది. ‘ఎప్పటి నుంచి’, ‘ఎన్నాళ్ల నుంచి’ అన్న ప్రశ్నలు సిన్స్, ఫర్‌లను వేరు చేస్తాయి. ‘వెళ్లలేదు’ అన్న రూపం ‘డిడ్ నాట్ గో’ను గుర్తు చేస్తుంది. యెస్, నో జవాబుల్లో మాత్రం తెలుగు అలవాటును పక్కన పెట్టి, వాస్తవాన్ని బట్టి జవాబు చెప్పాలి. భారతీయ ఆంగ్లపు వాడుకలు తప్పులు కావు. వినేవారిని బట్టి వాటిని వాడాలి.

4.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. ఏ యూనిఫామ్, యాన్ ఎల్.ఐ.సి. ఏజెంట్, ఏ యు.పి. స్కూల్, యాన్ ఆనర్.
2. ‘ఐ హ్యావ్ సమ్ ల్యాండ్ ఇన్ ఆళ్లగడ్డ.’ భూమి అనే అర్థంలో ‘ల్యాండ్’ లెక్కకు రాదు, కాబట్టి ‘ఏ’ పోయింది. ఊరి పేరు కాబట్టి ‘ద’ పోయింది.
3. ‘ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ ఏ డిగ్రీ ఫర్ టూ ఇయర్స్.’ ఎన్నాళ్ల నుంచి అన్నదానికి జవాబు కాబట్టి ‘ఫర్’.
4. ‘ఐ డోంట్ నో వెన్ ద బస్ విల్ కమ్.’ తెలుగులో ‘ఎప్పుడు వస్తుందో’ అని ‘ఓ’ వచ్చింది, కాబట్టి వరుస తిరగదు.
5. ‘నో, ఐ డిడంట్.’

4.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తెలుగు వాక్య నిర్మాణం ఆంగ్లం నేర్చుకోవడంలో ఎక్కడ అడ్డు వస్తుందో, ఎక్కడ సహాయపడుతుందో ఉదాహరణలతో వివరించండి.
2. వ్యాకరణ దోషానికి, భారతీయ ఆంగ్లపు వాడుకకు గల భేదాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘నుంచి’ అన్న మాటకు ఆంగ్లంలో గల మూడు సమానార్థకాలను వాడే విధానాన్ని తెలపండి.
2. వ్యతిరేకార్థక ప్రశ్నలకు తెలుగులో, ఆంగ్లంలో జవాబు చెప్పే పద్ధతులను పోల్చండి.

III. కింది దరఖాస్తు భాగాన్ని సవరించి, ప్రతి సవరణకూ కారణం రాయండి.
‘ఐ హ్యావ్ పాస్డ్ అవుట్ ఇన్ 2021. ఐ యామ్ హ్యావింగ్ యాన్ యూనివర్సిటీ డిగ్రీ. ఐ యామ్ వర్కింగ్ ఇన్ ద నంద్యాల్ ఫ్రమ్ టూ ఇయర్స్. వన్ ఆఫ్ మై ఫ్రెండ్ డిస్కస్డ్ అబౌట్ దిస్ జాబ్ విత్ మి. ప్లీజ్ టెల్ మి వెన్ ఈజ్ ది ఇంటర్వ్యూ.’